వేరును తిను రెండు పురుగులు: చెలకలోనిది, మడిలోనిది

మన తెలుగువారికి వేరుపురుగు క్రొత్త మాట కాదు. గుణవంతుని చెఱచు కుత్సితుని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు వేమన వృక్షమును చెఱచు వేరుపురుగునే పోలికగా గ్రహించెను. ఆ పోలికకు బలము పురుగు కంటికి కనబడకుండుటయందే యున్నది. ఆకును తిను పురుగును పసిపిల్లవాడైనను చూపగలడు. కాయను తొలుచు పురుగు తన రంధ్రమును విడిచి పోవును. వేరును తిను పురుగు మాత్రము మంటి మాటున నుండి పని చేయును. మనకు కనబడునది పైన పసుపెక్కిన ఆకును, వ్రాలిన కొమ్మయు మాత్రమే.

ఈ వ్యాసమున అట్టి పురుగులను రెంటిని తీసికొని పోల్చి చూతము. ఒకటి మెట్టచేలలో వేరుశనగ వేరును తినునది. రెండవది నీరు నిలిచిన మడిలో వరివేరును తినునది. రెండును పెంకుపురుగుల వర్గమునకు చెందినవే. రెండును బాల్యమును మంటిలో గడపి, పెద్దవైన పిదప రెక్కలతో వెలికి వచ్చునవే. రెంటి పిల్లలును తెల్లగా, మెత్తగా నుండును. ఐనను ఒకదానిని అణచు ఉపాయము రెండవదానియెడ పనికిరాదు. పైగా దానికి మేలే చేయును. ఇట్లేల జరుగుననునదియే మన పాఠము.

ముందుగా నా బాల్యమున మా చెలకలో జరిగిన సంగతి యొకటి చెప్పెదను. ఆ యేడు భాద్రపదమున చాల దినములు వాన లేదు. మా వేరుశనగ చేనిలో అక్కడక్కడ మొక్కలు వాడసాగెను. వానలేమియే కారణమని తలచి మా నాయన ఇంజనును అద్దెకు తెచ్చి, ప్రక్కవారి బావినుండి రెండు రాత్రులు మేలుకొని నీరు పెట్టెను. నేల తడిసెను, కాని వాడిన మొక్కలు తేఱుకొనలేదు. సాలు వెంబడి మఱికొన్ని వాడెను. మూడవనాడు కలుపు తీయ వచ్చిన మా మేనత్త వాడిన మొక్క నొకదానిని పట్టి లాగెను. అది పట్టు లేక చేతికి వచ్చెను. దానికి తల్లివేరే లేదు. ఆమె అచ్చట కొడవలి మొనతో త్రవ్వగా, బెత్తెడు లోతున తెల్లని పురుగొకటి వంకరగా ముడుచుకొని యుండెను. "అన్నా, ఏరే లేని చెట్టుకు నీళ్లు పోస్తే ఏంతోని తాగుతది?" అని ఆమె అడిగెను. మా నాయన బదులు చెప్పలేదు. ఆ యేడు ఇంజను అద్దెయు పోయెను, చేనిలో మూడవ వంతును పోయెను.

ఆ ప్రశ్నకు అప్పుడు మా యింట సమాధానము లేకపోయెను. జీవశాస్త్రమును చదువుకొన్న పిదప, అది ప్రశ్న కాదనియు, పైరు రోగమును గుర్తించుటకు మొదటి సూత్రమనియు నాకు తోచినది.

మన నేల

గట్టు సీమ కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనిది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడినప్పటినుండి అందలి మండలముగా నున్నది. దానిని దాటినచో కర్ణాటకములోని రాయచూరు జిల్లా వచ్చును. రెండు మహానదుల నడుమ నున్నను ఇది మెట్టసీమయే. ఎఱ్ఱ చెలకలును నల్లరేగళ్ళును ఇచ్చటి నేలలు; ఆముదము, కంది, వేరుశనగ, ప్రత్తి ఇచ్చటి పైరులు. ఇవి యన్నియు వానను నమ్ముకొన్నవి.

ఐతే ఈ సీమ మాఱుచున్నది. కృష్ణపై జూరాల ఆనకట్ట ప్రారంభింపబడెను. దాని నీటిని మెట్టకు ఎత్తిపోయు నెట్టెంపాడు పథకము తర్వాత వచ్చెను. గట్టు ఎత్తిపోతల పథకమునకు 2018 జూన్ 29న శంకుస్థాపన జరిగెను. నీరు పాఱిన చోట మడి కట్టబడును, మడి కట్టినచోట వరి నాటబడును. ఒకే యింటివారికి గట్టుమీద చెలకయు, పల్లమున మడియు నుండుట నేడు నడిగడ్డలో అరుదు కాదు. కావున ఈ రెండు పురుగుల భేదము మనకు పుస్తకములోని విషయము మాత్రమే కాదు. ప్రొద్దున చెలకలో నేర్చిన తెలివిని మాపు మడిలో ప్రయోగించు రైతునకు అది లాభనష్టముల విషయము.

చెలకపురుగు

వేరుశనగను తిను పురుగును రైతులు వేరుపురుగనియే పిలుతురు. శాస్త్రజ్ఞులు దీనిని హోలోట్రైకియా అను ప్రజాతిలో చేర్చిరి. మన దక్కను చేలలో హోలోట్రైకియా సెర్రేటా, హోలోట్రైకియా రేనాడి అను జాతులు ముఖ్యమైనవి. వేరుశనగ మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి వచ్చినది. ఈ పురుగు మాత్రము ఇచ్చటిదే. పరదేశపు మొక్క మన చెలకలకు రాగానే స్వదేశపు పురుగు దాని వేరు రుచి తెలిసికొనెను.

దీని సంవత్సరము తొలకరితో మొదలగును. మంచి వాన యొకటి పడి నేల తడిసిన సాయంకాలమున, సూర్యుడు క్రుంకిన కొంతసేపటికి, గోధుమవన్నె పెంకుపురుగులు నేలను చీల్చుకొని వెలికి వచ్చును. ఒక్కొక్కటి అంగుళమునకు కొంచెము తక్కువ పొడవుండును. అవి సమీపముననున్న వేప, రేగు, తుమ్మ చెట్లపై వ్రాలి, రాత్రియంతయు ఆకులను మేసి, అచ్చటనే జతకూడి, తెల్లవారకమునుపే మరల మంటిలో దాగును. పగటివేళ చెట్టును చూచినవారికి కొఱికిన ఆకులే కాని కొఱికిన పురుగు కనబడదు. తొలకరి దినములలో వేపచెట్టు ఆకులు చిల్లులు పడి యుండుట మీరు చూచియే యుందురు. ఏ గాలివాననో నిందించి యుందురు.

ఆడుపురుగు తడిసిన మంటిలో కొన్ని అంగుళముల లోతున గ్రుడ్లు పెట్టును. అవి తెల్లగా, ఆవగింజకంటె కొంచెము పెద్దవిగా నుండును. ఆ గ్రుడ్లు మంటిలోని తేమను పీల్చుకొని ఉబ్బి, కోలగా నున్నవి గుండ్రనగును. సుమారు పదిదినములకు పిల్లలు పుట్టును. నేలలో తేమ లేనిచో గ్రుడ్డు ఎండిపోవును. తల్లిపురుగు వానకొఱకు కనిపెట్టుకొని యుండుటకు కారణమిదియే.

పిల్లపురుగు మూడు అవస్థలను గడపును. మొదట అది కుళ్ళిన ఆకులను, ఎరువును, సన్నని పీచువేళ్ళను తిని బ్రదుకును. పొర విడిచి పెరిగినకొలది వేరుపై దాని మక్కువ హెచ్చును. మూడవ అవస్థలో బొటనవ్రేలి కణుపుకంటె పొడవుగా పెరిగి, ఇంగువరంగు తలతో, వంకరగా కొడవలివలె నుండును. అప్పుడే అది తల్లివేరును కొఱికి త్రెంచును. ఒక మొక్కతో తృప్తిపడక సాలు వెంబడి జరుగుచు ఒకదాని తర్వాత ఒకటిగా తినును. మా చేనిలో మొక్కలు వరుసగా వాడుటకు హేతువు ఇదియే.

వర్షాకాలము వెనుకబడగానే పిల్లపురుగు లోతునకు దిగి, మంటితో చిన్న గది కట్టుకొని, అందు కోశస్థదశను పొందును. కొలది వారములకు రెక్కలు గల పెంకుపురుగగును. కాని వెలికి రాదు. చలికాలమును, వేసవిని ఆ గదిలోనే గడపి, మరల తొలకరి చినుకు నేలలోనికి ఇంకిన పిదప మాత్రమే పైకి వచ్చును. ఇట్లు సంవత్సరమునకు ఒక్క తరమే. ఈ విషయమును గుర్తుంచుకొనుడు. నివారణమునకు ఇదియే మూలము.

మడిపురుగు

ఇక పల్లమునకు దిగుదము. వరివేరును తినునవి ముక్కుపురుగుల కుటుంబమునకు చెందినవి. బియ్యపు మూటలలో కనబడు ముక్కుపురుగును మీరెఱుగుదురు. తల ముందునకు తొండమువలె సాగి, దాని కొనను నోరుండుట ఈ కుటుంబపు గుఱుతు. దక్షిణభారతపు వరిమడులలో ఎకినోక్నీమస్ ఒరైజే అను ముక్కుపురుగు వరివేళ్ళను తినును. పంజాబు, హర్యానాలలో దీని దగ్గఱి బంధువొకటి కలదు. నాటిన వరిలో ఆషాఢ శ్రావణములలో వేళ్ళను తిని, ఎదిగిన పిల్లగా చలికాలమంతయు మంటి లోతున పడియుండి, మరుసటి వానలకు పెద్దదై వెలికివచ్చును.

ఈ విధమైన పురుగులలో మిక్కిలి పరిశీలింపబడినది అమెరికా దేశపు వరి ముక్కుపురుగు. దాని శాస్త్రనామము లిస్సోర్హోప్ట్రస్ ఒరైజోఫిలస్. ఉత్తర అమెరికాలో పుట్టిన ఈ పురుగు 1976లో జపానులో కనబడెను. 1988లో చీనాలో కనబడెను. సముద్రము దాటివచ్చిన ఆ పురుగులలో ఆడువియే తప్ప మగవి లేవు. మగపురుగు లేకయే గ్రుడ్లు పెట్టి సంతానము పొందగల శక్తి వానికి కలదు. అట్టిది ఒక్కటి చేరినను చాలును, కొంతకాలమునకు ఒక దేశపు మడులన్నింట వ్యాపింపగలదు.

పెద్దపురుగు నువ్వుగింజంత యుండును. నీటిలో ఈదగలదు. వరియాకు మీది పచ్చదనమును నిలువుగా గీకి తిని, తెల్లని సన్నగీతలు విడుచును. ఆడుది నీట మునిగియున్న ఆకుతొడిమలో గ్రుడ్లు దాచును. పిల్లలు పుట్టి, బురదలోనికి దిగి, వేళ్ళను చేరును. ఎదిగిన పిల్ల ఉడికిన మెతుకంత యుండును. తెల్లగా, సన్నగా, కాళ్ళు లేక యుండును. మెతుకు పెట్టు మొక్కను తినుచు మెతుకువలె నుండుట ఒక వింత. తుదకు అది వేరునకు అంటుకొని బురదతో చిన్న గూడు కట్టుకొని, దానిలో కోశస్థదశను గడపును. ఆ గూటిలో నీరుండదు, గాలి యుండును. నీటి క్రింద, బురదలో, గాలి నిండిన గూడు! ఆ గాలి ఎక్కడిది? ఈ ప్రశ్నతో మనము అసలు విషయమునకు వచ్చితిమి.

కాళ్ళును ఊపిరియు

పురుగులకు మనవలె ఊపిరితిత్తులు లేవు. వాని దేహపు ప్రక్కలనుండు చిన్నరంధ్రములద్వారా గాలి లోనికి పోయి, సన్నని గొట్టముల వెంట ప్రతి యంగమునకు చేరును. చెలకపురుగునకు ఒక్కొక్క ప్రక్క తొమ్మిదేసి శ్వాసరంధ్రములు కలవు. చేతిలోనికి తీసికొని చూచినచో ప్రక్కలయందు గోధుమరంగు చుక్కలవలె కనబడును.

చెలకనేల రేణువుల నడుమ సందులుండును. ఆ సందులలో గాలి యుండును. చెలకపురుగు ఆ గాలిని పీల్చును. నేల పైభాగము ఎండినచో లోతునకు దిగును; తడిసినచో పైకి వచ్చును. ఇట్లు తిరుగుటకు దానికి కాళ్ళు కావలెను. కావుననే దానికి మూడు జతల కాళ్ళును, మన్ను త్రవ్వుటకు గట్టి దవడలును కలవు. దాని దేహపు వెనుకభాగము నీలివన్నెగా ఉబ్బి కనబడును. అందొక పెద్దసంచి వంటి ప్రేగు కలదు. అచ్చట సూక్ష్మజీవులు చేరి, వేరులోని నారను పులియబెట్టి, దానికి ఆహారముగా మార్చును. మనము పిండిని పులియబెట్టునట్లే అది తిన్న వేరును కడుపులో పులియబెట్టుకొనును.

మడి సంగతి వేఱు. నీరు నిలువగానే నేలసందులలోని గాలి వెడలిపోవును. బురద పైపొర కొంచెము విడిచినచో, దాని క్రింద ప్రాణవాయువు దాదాపు లేనే లేదు. అట్టిచోట వేరుశనగ వేరైనచో కుళ్ళిపోవును. వరివేరు ఎట్లు బ్రదుకుచున్నది? వరి తన ఆకులనుండి వేరుకొన వరకు లోపల గాలిగొట్టములను ఏర్పఱచుకొన్నది. ఆకు పీల్చిన గాలి కాడ గుండా వేరునకు దిగును. వరివేళ్ళను కడిగి చూచినచో కొన్నింటిపై ఇటుకరంగు పొర కనబడును. అది త్రుప్పు. వేరునుండి వెలికివచ్చిన ప్రాణవాయువు బురదలోని ఇనుముతో కలియగా ఏర్పడినది. ఏ యంత్రమును లేకయే మీరు చూడదగిన ప్రత్యక్షసాక్ష్యమిది.

మడిపురుగు ఈ రహస్యమును పట్టుకొన్నది. అమెరికాపురుగు పిల్లకు వీపుమీద రెండవ ఖండమునుండి ఏడవ ఖండము వరకు ఆఱు జతల కొక్కెములు కలవు. అవి నిజమునకు రూపుమాఱిన శ్వాసరంధ్రములు. ఆ కొక్కెములను వేరులోనికి గ్రుచ్చి, వరి తనకొఱకు తెచ్చుకొన్న గాలిని పిల్లపురుగు పీల్చును. మన ఎకినోక్నీమస్ పిల్లకును వీపుమీద అట్టి బుడిపెలే యుండును. ఈ పురుగులు వరినుండి అన్నమును దొంగిలించుటయే గాక ఊపిరిని గూడ దొంగిలించును. వేరును విడిచి దూరముగా తిరిగినచో ఊపిరాడక చచ్చును. తిరుగనక్కఱ లేనిదానికి కాళ్ళేల? కావుననే అవి లేవు.

చూడుడు: ఒకే వర్గపు జీవులు, ఒకే యాహారము. ఐనను ఒకదానికి కాళ్ళుండుటయు రెండవదానికి లేకుండుటయు, ఒకదాని శ్వాసరంధ్రములు ప్రక్కలనుండుటయు రెండవదానివి వీపుపై కొక్కెములగుటయు, అవి యున్న నేలనుబట్టియే యేర్పడినవి. పురుగును తెలిసికొనగోరువాడు ముందుగా దాని నేలను తెలిసికొనవలెను.

మొక్కల భేదము

గాయపడు మొక్కలలోను భేదము కలదు. వేరుశనగకు తల్లివేరొకటి యుండి, దానినుండి ప్రక్కవేళ్ళు చీలును. ఆ వేళ్ళపై బుడిపెలుండును. అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు సమకూర్చును. తల్లివేరు తెగినచో మొక్కకు నీరును పోవును, ఆ నత్రజనియు పోవును. రెండు మూడు దినములలో వాడి చచ్చును. జొన్నవంటి పీచువేళ్ళ మొక్కలు కొంత తాళుకొనును.

వరికి తల్లివేరు లేదు. కణుపులనుండి క్రొత్తవేళ్ళు పుట్టుచునే యుండును. కొన్ని వేళ్ళు పోయినను వరి చావదు. ఆకులు పసుపెక్కి, పిలకలు తగ్గి, ఎదుగుదల నిలిచి, కోత ఆలస్యమై, గింజ తగ్గును. చెలకలో కనబడునది మరణము. మడిలో కనబడునది క్షీణత. క్షీణించు పైరును చూచి రైతు పురుగును తలపడు. ఎరువు చాలలేదని తలచును.

ఇచ్చటనే మోసపోవుట జరుగును. వరి పసుపెక్కుటకు నత్రజని లేమి కారణము కావచ్చును. జింకులేమియు కావచ్చును, ఖైరా అను వరి తెగులునకు జింకులేమియే మూలమని పంతనగరములో శాస్త్రజ్ఞుడు నేనే 1966లో తెలిపెను. వేరును పురుగు తినుటయు కావచ్చును. మూడింటికి పైరంగు ఇంచుమించు ఒకటే. వేళ్ళు తెగిన వరికి యూరియా చల్లినచో దానిని పీల్చు వేరు లేక ఎరువు వృథాయగును. అట్లే వేరుశనగ వాడుటకు ఎండయు, మొదలుకుళ్ళు తెగులును, పురుగును మూడు కారణములు. ఎండకు వాడినది సాయంకాలము తేఱుకొనును. లాగినచో గట్టిగా పట్టి యుండును. కుళ్ళినదాని మొదలు నల్లబడియో, తెల్లని బూజు పట్టియో యుండును. పురుగు కొట్టినది లాగగానే చేతికి వచ్చును. వేరు కొఱికినట్లు తెగి యుండును. లాగి చూచుటకు కానియైనను ఖర్చు లేదు.

నివారణము

ఇప్పుడు ఉపాయముల విషయము. నీరే మొదటి భేదము. మడిపురుగును అణచుటకు మడిలోని నీటిని తీసివేసి, నేల సన్నగా నెఱ్ఱెలు విచ్చువఱకు కొన్ని దినములు ఆరబెట్టవలెను. బురద గట్టిపడగా మెత్తని పిల్లపురుగు కదలలేక ఎండి చచ్చును. ఇది ఎదుగుదల తొలిదినములలో చేయదగినది. ఆరబెట్టి మరల నీరు పెట్టినప్పుడు నేలలోని నత్రజని కొంత గాలిలో కలిసిపోవును. కావున ఎరువును ఆరుదలకు ముందు వేయక, తర్వాత వేయుట మేలు. కాలువ చివరి రైతు ఒకసారి విడిచిన నీరు మరల వచ్చునో రాదో యని భయపడును. ఆ భయము న్యాయమైనదే. అందుచేత తన వంతు వచ్చు దినమును తెలిసికొని, దానికి ముందుగానే ఆరబెట్టుట బుద్ధిమంతుని పని. గట్లమీది గడ్డిని తీసివేసినచో పెద్దపురుగులకు దాగుచోటు తగ్గును.

చెలకపురుగునకు ఎండిన నేల శత్రువు కాదు. అది లోతునకు దిగి ప్రాణము కాపాడుకొనును. నీరు నిలిచిన నేలయే దానికి శత్రువు. సందులలోని గాలి వెడలగానే దానికి ఊపిరాడదు. కావుననే ఒక యేడు వరి నాటి నీరు నిలిపిన పొలమున ఈ పురుగు నిలువజాలదు. ఇట్లు ఒకదానికి నీరే కోట, రెండవదానికి నీరే మృత్యువు. మా నాయన పెట్టిన రెండు రాత్రుల తడి మాత్రము ఏ పురుగునకును మృత్యువు కాలేదు. అది నిలిచిన నీరు కాదు, పైపొరను మెత్తబఱచి పురుగునకు దారి సులువు చేసిన తేమ మాత్రమే.

చెలకలో నీరు నిలుపుట అసాధ్యము గనుక వేఱుపాయములు కావలెను. పురుగు సంవత్సరమునకు ఒక్కసారి, తొలకరి రాత్రులలో మాత్రమే వెలికివచ్చునని చెప్పితిని. ఆ రాత్రులలో ఊరివారందఱు కలిసి, చేల ప్రక్కనున్న వేప, రేగు, తుమ్మ కొమ్మలను కదలించి, రాలిన పెంకుపురుగులను కిరసనాయిలు కలిపిన నీటిలో వేసి చంపవలెను. గ్రుడ్లు పెట్టకముందు చంపిన ఒక్క ఆడుపురుగు, భాద్రపదమున వెదకి చంపవలసిన అనేక పిల్లపురుగులతో సమానము. ఐతే ఒక్కడు చేసినచో ఫలము తక్కువ. పురుగునకు గట్టు సరిహద్దు కాదు. ప్రక్కవాని వేపచెట్టుమీది పురుగు నీ చేనిలో గ్రుడ్లు పెట్టును.

కోత యైన పిదపను, వేసవిలోను లోతుగా దున్నినచో మంటిగదులు పగిలి పురుగులు బయటపడును. నాగలి వెంట నడచు కొంగలును, కాకులును, గోరువంకలును వానిని ఏరి తినును. పచ్చిపేడ ఎరువును చేనికి తోలరాదు. బాగుగా మాగిన ఎరువునే వేయవలెను, ఏలయన పచ్చి ఎరువు పిల్లపురుగునకు తొలి యాహారము. పురుగులకును రోగములు కలవు. రష్యాలో మెచ్నికోవ్ అను శాస్త్రజ్ఞుడు 1879లో గోధుమచేల పెంకుపురుగును చంపు పచ్చని బూజును పరిశీలించెను. మెటారైజియం అను ఆ బూజును నేడు మాగిన ఎరువులో కలిపి వేరుపురుగుపై ప్రయోగించుచున్నారు. అది తేమ నేలలో బాగుగా పనిచేయును.

విషపు గుళికలను గూర్చి ఒక్క మాట. ఫోరేట్ గుళికలను పూర్వము చెలకలోను మడిలోను ఒకే తీరుగా చల్లుచుండిరి. 2020 డిసెంబరు 31 తర్వాత మన దేశమున దాని యమ్మకమును వాడుకయు నిషేధింపబడినవి. అది పురుగునకు మాత్రమే కాక చల్లిన చేతికిని, నీరు త్రాగిన పశువునకును విషమే. ఇంటిమూలలలో పాతడబ్బాలు మిగిలి యుండిన యెడల వానిని తాకక పెద్దలకు చెప్పుడు. ఏ మందునైనను వ్యవసాయాధికారి నడిగి, పురుగును చూపిన పిదపనే తేవలెను.

మీరు చేయదగిన పని

విద్యార్థులారా, ఈ పాఠము చదివి పరీక్ష వ్రాయుటతో ముగియునది కాదు. మీలో చాలమంది ఇండ్లకు చెలకయో మడియో యుండును. తొలకరి పడిన రాత్రి లాంతరు తీసికొని పెద్దలతో కలిసి వేపచెట్టు క్రింద నిలువుడు. ఏ తేదిన, ఎంత వానకు, ఎన్ని పురుగులు వచ్చినవో వ్రాసికొనుడు. భాద్రపదమున వాడిన వేరుశనగ మొక్క కనబడినచో లాగి చూడుడు. అచ్చట అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల గుంట త్రవ్వి పురుగులను లెక్కించుడు.

మడిలో పసుపెక్కిన వరికుదురును మంటిగడ్డతో సహా పెకలించి, జల్లెడలో నుంచి నీటితో కడుగుడు. మిగిలిన వేళ్ళను ఉప్పు బాగుగా కలిపిన నీటిలో వేయుడు. మడిపురుగులున్నచో ఆ నీటిపై తేలును. అమెరికాలోని పరిశోధకులును ఈ మాదిరిగానే వానిని లెక్కింతురు. దీనికి కావలసినది జల్లెడ, బొక్కెన, గుప్పెడు ఉప్పు. కడిగిన చేతులను సబ్బుతో తోముకొనుట మఱవకుడు.

నీరు క్రొత్తగా వచ్చిన మన సీమలో ఈ లెక్కలకు విలువ హెచ్చు. చెలక మడిగా మాఱిన చోట ఒక శత్రువు పోవును. ఇంకొకదానికి తావు కలుగును. తాతలనాటి యనుభవము చెలకకు చెందినది. మడిని గూర్చి వారు మనకు చెప్పగలిగినది తక్కువ. ఆ లోటును పూరింపవలసినవారు మీరే. మీ యింటివారు నీటికో, ఎరువునకో, మందునకో డబ్బు తీయుచున్నప్పుడు, దానికి ముందుగా ఒక మొక్కను లాగి వేరు చూపుడు. వేరున్నదో లేదో చూచిన తర్వాతనే నీరు పోయుట తగును. ఈ మాట చెప్పుటకు మా మేనత్త బడికి పోలేదు. చదువుకొనుచున్న మనము దానిని మఱచినచో సిగ్గుపడవలసి వచ్చును.